గడువు దీఱిన లారీ బ్రోకరు రిజిస్ట్రేషను

చెఱకు గానుగలు తిరుగ నారంభించిన పిమ్మట రైతునకు తీఱిక యుండదు. కావున ఈ మాట ముందుగనే చెప్పుచున్నాము. కొండకర్ల ఆవ చుట్టుపట్ల గ్రామములలో వండిన బెల్లము అనకాపల్లి బజారునకు జేరి, అచ్చటినుండి లారీలమీద ఒడిశా, బెంగాలు, బీహారు రాష్ట్రముల దాక పోవుచున్నది. లారీని కుదిర్చి, కిరాయి తేల్చి, సరకు నెక్కించి పంపు బ్రోకరు లేనిదే యీ పని సాగదు. ఆతని మాటమీద మనవారికి నమ్మకము కలదు. ఆతని రిజిస్ట్రేషను ఎన్నడు ముగియునో మాత్ర మెవ్వరు నడుగరు.

1865 నాటి క్యారియర్ల చట్టమును తొలగించి 2007లో చేసిన రోడ్డు రవాణా చట్టము 2011 మార్చి 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. అందు సరకు రవాణాదారు లనగా లారీ యజమానులే కారు. బుకింగు కంపెనీ, ఏజెంటు, బ్రోకరు కూడ చేరుదురు. వీరందఱును రవాణా అధికార సంస్థవద్ద రిజిస్ట్రేషను పొందవలయును. అది పదియేండ్లు చెల్లును. 2011లో పొందినవారికి 2021లోనే ముగిసినది. పదియేండ్లనగా మఱచుటకు చాలిన కాలమే కదా! లారీకి పర్మిటున్నది గదా యని కొందఱు సమాధానము చెప్పుదురు. అది బండికి సంబంధించినది; బ్రోకరు రిజిస్ట్రేషను వేఱు.

ఇది కాగితపు తగాదా యని తలపరాదు. చిఱిగిన టార్పాలిను క్రింద ఒక్క రాత్రి వాన తగిలిన చాలును, బెల్లపు దిమ్మలు కరగి నీరగును. అప్పుడు రైతున కాధారము సరకు రసీదు. అందలి తూకము మొదలగు వివరములకు అదియే ప్రథమ సాక్ష్యము. నష్టపరిహారమునకై దావా వేయదలచినవారు సరకు బుక్కు చేసిన దినము మొదలు 180 దినములలోపల వ్రాతపూర్వకముగ నోటీసు ఇయ్యవలయును. రిజిస్ట్రేషను గడచి, ఆఫీసు మార్చి, పాత పేరుతోనే రసీదులు చింపి యిచ్చు మనిషికి ఆ నోటీసు ఏ చిరునామాకు పంపవలయును?

మఱియొక సంగతి. అధిక రిస్కు రేటు చెల్లించుటకు ఒప్పుకొననియెడల పరిహారము కిరాయికి పదిరెట్లకు మించదు. రైతు వంతు కిరాయి వేయి రూపాయలైనచో, బెల్ల మెంత విలువ గలదైనను పదివేలతో సరి. ఈ యెఱుక మన వారిలో మిక్కిలి తక్కువ.

అయినను గడువు దీఱిన బ్రోకరును వెలివేయుమని మేము చెప్పము. అర్ధరాత్రి లారీ తెచ్చి నిలుపు పాత మనిషిని పోగొట్టుకొని, ముఖ మెఱుగని వానిని పట్టుకొనుట తెలివిగాదు. దరఖాస్తు చేసికొన్నచో, ఆతని వాదము వినకుండ త్రోసిపుచ్చుటకు అధికారులకు చట్టము వీలీయదు. గడువు సమీపించినవారికి రవాణా శాఖవారును ముందుగ నొక కార్డు వ్రాసిన నెంత మేలు! బ్రోకరు బద్ధకమునకును, ఆఫీసు మౌనమునకును నడుమ నలుగువాడు రైతే.

కావున గానుగలు కట్టకమునుపే సంఘమువారు తమ సరకు పంపు ప్రతి బ్రోకరు సర్టిఫికెట్టు నకలు తెప్పించి, ముగియు తేదీని పుస్తకములో వ్రాసియుంచవలయును. గడచినవారికి దరఖాస్తు వ్రాయుటలో మన గుమాస్తా సాయపడవచ్చును. క్రొత్త సర్టిఫికెట్టు చేతికి వచ్చువఱకు వారి ద్వారా సంఘపు లోడు ఒక్కటియు కదలరాదు.