బడికి గ్రంథపాలకుడు కావలెను

విజయనగరము జిల్లాయందలి భోగాపురము పేరు నేడు దేశమంతట వినబడుచున్నది. అల్లూరి సీతారామరాజు నామాంకితమగు అంతర్జాతీయ విమానాశ్రయ నిర్మాణమునకు 2023వ సంవత్సరమున నచట శంకుస్థాపన జరిగినది. అందులకై రెండువేల యెకరములకు పైబడిన భూమి సేకరింపబడినది. కొన్ని పల్లెల ప్రజలు తాతముత్తాతలనాటి యిండ్లను విడిచి పునరావాస కాలనీలకు తరలిపోయిరి. ముక్కాము, చేపలకంచేరు వంటి తీరగ్రామములయందలి కుటుంబములు నేటికిని సముద్రమునే నమ్ముకొని బ్రదుకుచున్నవి. ఇంతటి మార్పు నడుమ పెరుగుచున్న బాలబాలికలు రాబోవు సంపదలో భాగస్వాములగుదురా, లేక దానిని దూరమునుండి చూచువారుగనే మిగిలిపోవుదురా? ఈ ప్రశ్నకు సమాధానము వారి చదువులోనే యున్నది. చదువనగా పాఠ్యపుస్తకమును వల్లించుట మాత్రమే కాదు. తానై కోరి, తానై వెదకి, సంతోషముతో పుస్తకమును చేపట్టు నలవాటు లేనిదే యే చదువును నిలువదు.

ఈ యలవాటును కలిగించుటకే బడికొక గ్రంథాలయ ముండవలెనని చట్టము విధించినది. ప్రతి పాఠశాలయందును గ్రంథాలయ ముండవలెననియు, అందు వార్తాపత్రికలు, మాసపత్రికలు, కథల పుస్తకములు నుండవలెననియు 2009వ సంవత్సరపు విద్యాహక్కు చట్టము యొక్క షెడ్యూలునందు స్పష్టముగా వ్రాయబడియున్నది. సమగ్రశిక్షా పథకము క్రింద పాఠశాల స్థాయినిబట్టి యేటికి 5,000 రూపాయలు మొదలు 20,000 రూపాయల వరకు గ్రంథాలయపు గ్రాంటు నిర్ణయింపబడినది. 2020లో మన విద్యాశాఖవారు ‘చదవడం మాకిష్టం’ అను పేర నొక ప్రచారోద్యమమును గూడ నడపిరి. చట్టమున్నది, గ్రాంటున్నది, నినాదమున్నది. లేనివాడు గ్రంథపాలకు డొక్కడే! ఆ షెడ్యూలునందే ఉపాధ్యాయుల సంఖ్యను గూర్చియు, కళలు, వ్యాయామము, పనివిద్య నేర్పు బోధకులను గూర్చియు జెప్పిన శాసనకర్తలు, పుస్తకమును బిడ్డ చేతికందించు మనిషిని మాత్రము పేర్కొనరైరి. గుడి కట్టించి దీపము పెట్టువానిని మరచినట్లున్నది.

దీని ఫలితమేమి? పాఠములతోను, పరీక్షలతోను, నివేదికలతోను తలమునుకలగుచున్న యొక ఉపాధ్యాయుని నెత్తిపై నీ బాధ్యత గూడ బడుచున్నది. పుస్తకము పోయినను, చినిగినను, స్టాకు రిజిస్టరు తనిఖీనాడు తానే జవాబు చెప్పుకొనవలెనను భయ మతనిని వెన్నాడుచుండును. బీరువాకు తాళము వేసి యుంచుటయే యతనికి క్షేమమార్గముగా తోచును. అట్టివానిని నిందించి ప్రయోజనము లేదు. పిల్లల చేతులలో పుస్తకము నలుగుట నష్టమనియు, చెదల నోట బడి నశించుట నష్టము కాదనియు నెంచు పద్ధతియే నింద్యమైనది.

గ్రంథపాలకు డేమిచేయునని కొంద రడుగవచ్చును. అతడు బీరువా కావలివాడు కాడు. పుస్తకముల వీపులు గాక ముఖచిత్రములు కనబడునట్లు బల్లలమీద పరచును. కథను బిగ్గరగా చదివి, రసవద్ఘట్టమున నాపి, తక్కినది మీరే చదువుకొనుడని పుస్తకమును పిల్లలనడుమ నుంచును. పడవలతో పెరిగిన బాలునకు సముద్రయానముల కథ నందించును. తోటలలో తిరుగు బాలికకు పక్షులను, చెట్లను గూర్చిన బొమ్మల పుస్తకమును జూపును. నచ్చని పుస్తకమును సగములో విడిచిపెట్టుటకు స్వేచ్ఛ నిచ్చును. చదివిన వెంటనే సారాంశము వ్రాయుమని నిర్బంధింపడు; ఏలయన, ప్రతి కథవెనుకను నొక పరీక్ష పొంచియున్నచో నే బిడ్డయు కథను ప్రేమింపజాలడు. రిజిస్టరు వ్రాయు పనిని పిల్లలకే యప్పగించును. వారు ఇంట విన్న అమ్మమ్మ కథలను వ్రాయించి, కుట్టించి, అచ్చు పుస్తకముల సరసన నిలుపును. ఇది నేర్పును, తీరికను, పిల్లలయెడ ప్రేమను గోరు పని. ఎవరో యొకరు తీరిక వేళల చేయవలసిన పని కాదు.

ఈ మాట ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1886లోనే విశాఖపట్టణమున మంతెన ఆదినారాయణమూర్తిగారు గ్రంథాలయమును నెలకొల్పిరి. 1914లో బెజవాడయందు అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికచే గ్రంథాలయ మహాసభ జరిగినది. 1935లో పాతూరి నాగభూషణముగారు పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువలో పడవమీద పుస్తకములను పల్లెలకు పంపిరి. జనులు పుస్తకము కడకు రాకున్న పుస్తకమే జనుల కడకు పోవలెనని వారు గ్రహించిరి. మన కళింగసీమయందే గిడుగు రామమూర్తిపంతులుగారు సవరభాషను నేర్చి, సవర బాలురకు వారి భాషలోనే పుస్తకములు వ్రాసిరి. 1997లో శ్రీకాకుళమున కథానిలయమును స్థాపించిన కాళీపట్నము రామారావుగారు వృత్తిచే బడిపంతులే. వీరందరి చరిత్రమును జూచినచో, గ్రంథాలయమునకు ప్రాణము భవనము కాదు, మనిషియే యని తేటపడును.

ధనమెక్కడిదని ప్రభుత్వమువా రడుగవచ్చును. పంచాయతీలును, పురపాలక సంఘములును ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయపు సెస్సును ప్రజలవద్ద వసూలు చేయుచున్నవి. ఆ సొమ్ము సకాలమున జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరవలెను. అందుండి బాలుర పఠనమునకు నిర్ణీతభాగము వ్యయము కావలెను. ప్రతి బడికిని వెంటనే యొక గ్రంథపాలకుని నియమించుట దుర్ఘటమైనచో, పాఠశాలా సముదాయమున కొకరినైనను నియమింపవచ్చును. అతడు వారములో నొక్కొక్కనా డొక్కొక్క బడికి పుస్తకముల పెట్టెతో పోవచ్చును. వారమున కొక పఠనపు గంటను ఏ పరీక్ష పేరనైనను హరింపరాదని ఉత్తరువు వెలువడవలెను. వాడుకలో చినిగిన పుస్తకమునకు ఉపాధ్యాయుని బాధ్యునిగా జేయరాదు.

చేతిలోని ఫోనులోనే లోకమంతయు నున్నదిగదా, పుస్తకమెందుల కను వారును గలరు. ఫోను చూపినదానిని బిడ్డ చూచును. పుస్తకము చదువునపుడు తానే యూహించుకొనును. ఊహింపనేర్చిన బిడ్డయే ప్రశ్నింపనేర్చును. ప్రశ్నింపనేర్చిన ప్రజలులేని స్వాతంత్ర్యము పేరునకు మాత్రమే స్వాతంత్ర్యము.

భోగాపురమున రహదారులు విస్తరింపబడుచున్నవి, భూముల వెలలు పెరుగుచున్నవి. ఈ యభివృద్ధికై భూములిచ్చిన ప్రజలకు ప్రభుత్వము ఋణపడియున్నది. ఆ ఋణమున కొంత వారి బిడ్డల బడులలో తీర్పవలెను. ఈ మండలముతోనే పాఠశాలా గ్రంథపాలకుల నియామకము నారంభింపుడని ప్రభుత్వమువారిని కోరుచున్నాము. అంతవరకు గ్రామపెద్దలును, తల్లిదండ్రులును తమ బడికి బోయి, బీరువా తాళముచెవి యెవరివద్ద నున్నదో యడుగుదురుగాక.