టాక్స్ క్లాసులో తరన్నుం: ఎవరికేం నుక్సాన్?

మా భాంజా బీకాం చదువుతున్నాడు. వాళ్ల టాక్సేషన్ సార్ ఒకరోజు బల్ల మీద దరువేస్తూ ఆదాయపు ఐదు పద్దుల్ని ఖవ్వాలీ వరసలో పాడించారట. జీతం, ఇంటి ఆస్తి, వ్యాపారం-వృత్తి, క్యాపిటల్ గెయిన్స్, చివరికి ఇతర ఆదాయం. పిల్లలు తాళీలు కొట్టారు. పక్క క్లాసు నుంచి షికాయత్ పోయింది. "ఇది కాలేజీనా, ముషాయిరానా?" అని ప్రిన్సిపాల్ గుస్సా అయ్యారట. సార్ మళ్లీ నోట్స్ రాయిస్తున్నారు. పిల్లలు మళ్లీ నిద్రపోతున్నారు.

కానూన్‌ని పాడితే దాని ఇజ్జత్ పోతుందా? మన మద్రసాల చరిత్ర చూడండి. విరాసత్ కానూన్ కంటే సంజీదా మామ్లా ఏముంది? పిల్లలుంటే భార్యకు ఎనిమిదో వంతు, లేకపోతే నాలుగో వంతు. ఒక్క హిస్సా తప్పితే అన్నదమ్ములు జీవితాంతం సలాం చెప్పుకోరు. ఆ ఇల్మ్‌నే 12వ శతాబ్దంలో అర్ రహబియ్య అనే నజ్మ్‌గా కట్టారు. ఎనిమిది వందల ఏళ్లుగా తాలిబ్‌లు దాన్ని కంఠస్థం చేస్తున్నారు. అరబీ వ్యాకరణానికి ఇబ్న్ మాలిక్ వెయ్యి బైతుల అల్ఫియ్య ఉంది. వాళ్లంతా మజాక్ చేశారా?

"మౌసీఖీ హరామ్ కదా భాయ్" అనేవాళ్లూ ఉన్నారు. వాయిద్యాల మీద ఇఖ్తిలాఫ్ ఉంది, ఒప్పుకుంటా. సరే, దరువు వద్దు. ఉత్త గొంతు చాలు.

ఇక నవ్వు సంగతి. 2024 డిసెంబర్‌లో జీఎస్టీ కౌన్సిల్ పాప్‌కార్న్ లెక్క చెప్పింది. విడిగా అమ్మే ఉప్పూకారం పాప్‌కార్న్‌కి 5 శాతం, లేబుల్ వేసిన ప్యాకెట్‌కి 12, కారమెల్‌ది అయితే 18. దేశమంతా నవ్వింది. ఆ నవ్వులోనే పాఠం ఉంది. చక్కెర కలిస్తే సరుకు మిఠాయి ఖాతాలోకి పోతుంది. వర్గీకరణ అంటే అదే. నవ్విన పిల్లోడు వెంటనే అడుగుతాడు, "మరి ఉస్మానియా బిస్కెట్ ఏ ఖాతా సార్?" అని. ఏ నోట్సు ఆ సవాల్ పుట్టించింది?

అట్లని ప్రతి పాటా పనికొస్తుందని అనను. రేట్లని పాట కట్టినవాళ్లు 2025 సెప్టెంబర్ 22న తెల్లమొహం వేశారు. 12, 28 శ్లాబులు దాదాపు ఖతం. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం బదులు 2025 ఆదాయపు పన్ను చట్టం. సెక్షన్ నంబర్లు మారాయి. 'ప్రీవియస్ ఇయర్', 'అసెస్‌మెంట్ ఇయర్' అనే జోడీ పోయి 'టాక్స్ ఇయర్' వచ్చింది. ఐదు పద్దులు మాత్రం అట్లనే ఉన్నాయి. పాడాల్సింది ఆ ఎముకల గూడుని. అంకెలు పుస్తకంలో చూసుకోవచ్చు. మా భాంజా సార్ చేసింది సరిగ్గా ఆ పనే!

కోచింగ్‌కి పైసలున్న పిల్లలు ఎట్లాగూ గట్టెక్కుతారు. ఉర్దూ మీడియం నుంచి వచ్చి, ఒక్కో జుమ్లా అర పేజీ సాగే ఇంగ్లీషు చట్టం ముందు బిత్తరపోయే బచ్చాల సంగతేంటి? రేపు అబ్బా దుకాణానికి నోటీసొస్తే ఇంట్లో చదివి చెప్పాల్సింది వాళ్లే. కానూన్ బోర్‌గా ఉన్నంత కాలం, అది ఫీజు తీసుకుని చదివిపెట్టేవాడి జాయిదాద్.

ఎల్లుండి ఇంటర్నల్ పరీక్ష. మావాడు వంటింట్లో చాయ్ కాస్తూ ఐదు పద్దులూ వరసగా పాడుకుంటున్నాడు. ఆవాజ్ తగ్గించమని నేనైతే అనలేదు.