మిషను ఎవరిది?

కోనసీమ చేలల్లో వరికోత మిషను దిగింది. కోత, పనలు కట్టడం, కుప్పెయ్యడం, నూర్పు. పదిమంది రోజుల తరబడి చేసే పని గంటల్లో అయిపోతోంది. పేటలో కొడవళ్లు చూరుకి వేలాడుతున్నాయి. కూలి పోయింది, దాంతోపాటు పరిగె గింజలూ పోయాయి. మన ఆడపడుచులు కువైట్, మస్కట్ ఇళ్లల్లో చాకిరీకి విమానమెక్కారు.

కూలోళ్లు దొరకడం లేదు కాబట్టే మిషను తెచ్చామంటారు కామందులు. పాత రేటుకి, పాత అణకువకి దొరకడం లేదని చెప్పరేం? 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు ధర అడగడం న్యాయమే. కూలిరేట్లు, ఉపాధి హామీ పనులు కూడా వాళ్ల ఫిర్యాదుల్లో ఉన్నాయి. ప్రభుత్వం మోహన్ కందా కమిటీ వేసింది. చేలు బీడుపడ్డ ఆ సీజనులో కూలోడి పస్తుల లెక్క ఎవరు రాశారు?

అలాగని మిషనుని పగలగొట్టమని మేము అనం. నడుం వంచి ఊడ్చినోళ్లకి ఆ నొప్పి తెలుసు. బాబాసాహెబ్ 1945లోనే గాంధీ యంత్ర వ్యతిరేకతను తిప్పికొట్టారు. దోషం యంత్రానిది కాదు, దాని ఫలాన్ని కొందరి సొత్తు చేసిన వ్యవస్థది అని తేల్చారు. భూస్వామి, కౌల్దారు, భూమిలేని కూలీ అనేవాళ్లే ఉండకుండా, వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమ చేసి, కులభేదం లేకుండా ఊరివాళ్లకు సాగుకివ్వమని 1947లో రాశారు. అదే అమలైతే మిషనొచ్చిన రోజు పేటకు సెలవు దొరికేది. ఇప్పుడు పస్తు దొరికింది.

చదువుకుని బయటపడండని పిల్లలకు చెప్పాం. చదివారు. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషను లేదు. ఇప్పుడు అక్కడ దరఖాస్తుల్ని వడగట్టడానికి కృత్రిమ మేధ వచ్చింది. అది పాత రికార్డులు చూసి నేర్చుకుంటుంది. అమెజాన్ చేయించుకున్న అలాంటి మిషను ఆడవాళ్ల దరఖాస్తుల్ని కిందకి తోసిందని 2018లో బయటపడింది. అది చదివిన పాత దరఖాస్తులు ఎక్కువగా మగవాళ్లవి మరి! ఇంటిపేరు చూసి కులం పసిగట్టే దేశంలో ఆ మిషను ఏం నేర్చుకుంటుంది? ఆ ద్రోణుడు బొటనవేలు అడిగి తీసుకున్నాడు. ఈ ద్రోణుడు అడగడు కూడా.

అమలాపురం, రాజోలు, పి.గన్నవరం రిజర్వుడు స్థానాలు. 2022లో జిల్లాకు అంబేద్కర్ పేరు పెడుతుంటే అమలాపురంలో ఇళ్లు తగలబెట్టారు. అయినా పేరు నిలిచింది. పేరొక్కటే కడుపు నింపదు. మన ఓటుతో గెలిచినోళ్లని నిలదీసి అడగండి. మహిళా సంఘాలకు డ్రోన్లిచ్చే పథకం 2023లో కేంద్రం తెచ్చింది గదా, దళిత కూలీ ఆడవాళ్ల సంఘాలకు కోతమిషన్లు ఎందుకివ్వరు? ప్రైవేటులో రిజర్వేషన్లేవి? మనుషుల్ని ఎంపిక చేసే మిషన్ల మీద తనిఖీ ఏది?

మిషను రానీండి. దాని తాళం మన చేతికి రావాలి. చేను మన పేరున ఉండాలి.

జై భీమ్!