గిట్టకు నల్లరంగు వేస్తే ఏడాది చరిత్ర మాయం

గుర్రాన్ని పోటీ బరిలోకి తీసుకెళ్లే ముందు అన్నిటికంటే చివర జరిగే పని గిట్టలకు మెరుపు పెట్టడం. మాలీసు చేసి, జూలు దువ్వి, తోక చిక్కులు తీసి, జీను బిగించాక సాయీసు బ్రష్షు పట్టుకుని కాళ్ల దగ్గర కూర్చుంటాడు. అతని చేతిలోని సీసాలో ఉన్నది నల్ల పాలిషా, రంగులేనిదా, ఉత్త నూనెనా అని చూసేవాళ్లెవరూ అడగరు. అడగాలన్నదే నా వాదన. శంషాబాద్, మొయినాబాద్ చుట్టుపక్కల స్వారీ క్లబ్బులు నడుస్తున్నాయి, పెళ్లి గుర్రాలకు ఏడాదిలో చాలా నెలలు గిరాకీ ఉంటోంది. గిట్టను పూర్తిగా కప్పేసే నల్ల పాలిష్‌కు ఇక్కడి పోటీల్లో చోటు ఉండకూడదు. మెరుపు కావాలంటే గిట్ట అసలు రంగు, దాని మీది గీతలు కనిపించేలా పల్చటి రంగులేని పూత వేసుకోవచ్చు. అది కూడా ఆ పూట వరకే.

కారణం గిట్ట పెరిగే తీరులోనే ఉంది. మన గోళ్లలో ఉండే కెరాటిన్‌తోనే గిట్ట గోడ తయారవుతుంది. పైన చర్మం అంచు దగ్గర పుట్టి నెలకు సుమారు 8 నుంచి 10 మిల్లీమీటర్ల చొప్పున కిందికి దిగుతుంది. ముందు భాగం పైనుంచి నేలను తాకేదాకా రావడానికి 9 నుంచి 12 నెలలు పడుతుంది. అంటే బరిలో నిలబడ్డ గుర్రం గిట్ట మీద దాదాపు గడిచిన ఏడాది మొత్తం రాసి ఉంటుంది. జ్వరం తగిలినా, దాణా ఒక్కసారిగా మారినా గిట్ట చుట్టూ ఒక వలయం పడుతుంది. వలయాలన్నీ చెడ్డవేం కావు. వానలకు పచ్చగడ్డి దొరికినప్పుడు పడేవి సమాన దూరంలో ఉంటే కంగారు అక్కర్లేదు. అవే వలయాలు ముందు వైపు దగ్గరగా, మడమ వైపు ఎడంగా విచ్చుకుని ఉంటే లామినైటిస్‌ను అనుమానించాలి. అది గిట్ట గోడకూ లోపలి ఎముకకూ మధ్య పట్టు సడలిపోయే జబ్బు, ఒకసారి వచ్చిన గుర్రానికి మళ్లీ వచ్చే ప్రమాదం ఎక్కువ. నిలువు పగుళ్లు, లాడం మేకుల దగ్గర ఊడిన పెచ్చులు, లోపలి చీము పైఅంచున పగిలి బయటపడ్డప్పుడు మిగిలే అడ్డ చీలిక, ఇవన్నీ షావుకారు చిట్టాలో పద్దుల్లా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ముదురు నల్ల పాలిష్ ఆ చిట్టాను మూసి పెట్టేస్తుంది. పగులులో మైనం నింపి పైన రంగు పూస్తే అనుభవమున్న కన్ను కూడా బోల్తా పడుతుంది.

ఈ చర్చ శంషాబాద్‌కు ఎందుకంటే, గుర్రం రూపానికి వెల కట్టే సందర్భాలు ఈ ప్రాంతంలో పక్కపక్కనే ఉన్నాయి. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌ల రక్షణ కోసం 1996లో వచ్చిన జీవో 111 ఈ వైపున్న 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. 2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకుంది, ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. ఖాళీ నేల, మంచి రోడ్డు, దగ్గర్లో డబ్బున్న నగరం. ఫాంహౌసులకూ ఫంక్షన్ హాళ్లకూ గుర్రపు లాయాలకూ ఇవన్నీ కలిసొచ్చాయి. విమానాశ్రయానికి వచ్చే దారిలో శివరాంపల్లి దగ్గరున్న జాతీయ పోలీసు అకాడమీలో ఐపీఎస్ శిక్షణ పొందేవాళ్లకు స్వారీ ఇప్పటికీ ఒక పాఠమే. ఇక 2023 హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన డ్రెస్సాజ్ జట్టు స్వర్ణం గెలిచింది. గుర్రపు స్వారీలో దేశానికి 41 ఏళ్ల తర్వాత దక్కిన బంగారం అది. అయితే డ్రెస్సాజ్‌లో చూసేది అడుగు, లయ, మాట వినడం. జంపింగ్‌లో చూసేది కర్ర పడిందా, సమయం దాటిందా అన్నది. ఈ రెంటిలోనూ గిట్ట మెరిసినందుకు మార్కులు లేవు. పాలిష్ పని పడేది గుర్రాన్ని చేత్తో నడిపించి అంగసౌష్ఠవం, ముస్తాబు ఎంచే పోటీల్లో. రెండో బరి ఫంక్షన్ హాలు గేటు, అక్కడ బరాత్ గుర్రానికి తీర్పు చెప్పేది వీడియో కెమెరా. మూడోది సంత, అది మాత్రం ఈ ప్రాంతం బయటిది. మహారాష్ట్రలోని సారంగఖేడా లాంటి చోట్ల ప్రదర్శనా బేరమూ ఒకే మైదానంలో జరుగుతాయి. ప్రదర్శనలో అందంగా కనిపించిన కాళ్లకు కొనేవాడు డబ్బు కట్టి తీసుకుపోతాడు.

కొనేముందు గుర్రాన్ని నఖశిఖ పర్యంతం పరిశీలించడం మనకు కొత్త కాదు. గుర్రాల లక్షణాలు చెప్పడానికే మనుమంచి భట్టు తెలుగు పద్యాల్లో హయలక్షణ విలాసం రాశాడు. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీకు సేనాని జెనోఫోన్ గుర్రం పరీక్షను కాళ్లతో మొదలుపెట్టమన్నాడు. అయినా నల్ల పాలిష్ కోరేవాళ్లు సాధారణంగా చెప్పే కారణం ఒకటి ఉంది. నాలుగు గిట్టల్లో రెండు తెల్లవి, రెండు నల్లవి ఉంటే చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉంటుందని, పైగా తెల్ల గిట్ట మెత్తన అన్న పేరు ఉండనే ఉందని. ఎబ్బెట్టు అన్నది ఎవరి ఇష్టం వాళ్లది. మెత్తదనం మాటకు మాత్రం ఆధారం లేదు. రంగు గిట్టలనూ తెల్ల గిట్టలనూ పోల్చి పరీక్షించిన పరిశోధకులకు బలంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. అమెరికాలో అపలూసా జాతి గుర్రాలకైతే గిట్ట మీది తెలుపు నలుపు నిలువు చారలు జాతి గుర్తుల్లో ఒకటి. అలాంటి గిట్టకు నల్లరంగు వేస్తే పోయేది ఆ గుర్రం విలువే. అక్కడి క్వార్టర్ హార్స్ ప్రదర్శనల్లో నల్ల పాలిష్ మామూలే అన్నది నిజం. ఒక దేశంలో ఒక జాతికి కుదిరిన ఆచారం మన లాయాలకు నిబంధన కానక్కర్లేదు.

గట్టి అభ్యంతరం ఇంకొకటి ఉంది. పూత అలంకారం మాత్రమే కాదని, ఎండకు గిట్ట ఎండిపోకుండా, వానకు నానిపోకుండా కాపాడుతుందని చాలామంది నమ్మకం. దక్కనులో ఈ భయానికి కారణం లేకపోలేదు. మే నెలలో నేల కాలిపోతుంది, జూన్ మధ్య నుంచి సెప్టెంబర్ దాకా లాయం ముందంతా బురద. తడిసి, ఆరి, మళ్లీ తడిసే గిట్టకు పగుళ్లు రావడం నిజమే. కానీ గిట్టకు తేమ ప్రధానంగా అందేది లోపలి రక్తప్రసరణ నుంచి. ఆస్ట్రేలియాలో అడవి గుర్రాల మీద జరిపి 2012లో ప్రచురించిన అధ్యయనంలో ఎడారి నేల మీద తిరిగే వాటికీ తడి నేల మీద తిరిగే వాటికీ గిట్ట గోడ తేమలో పెద్ద తేడా కనబడలేదు. ఊరి మొత్తం వాతావరణం మార్చలేనిదాన్ని బ్రష్షుతో పూసిన పూత ఎంత మారుస్తుంది? పైగా గిట్టకు సొంత వార్నిష్ ఉంది. పైఅంచు నుంచి దిగే పల్చటి మైనపు పొర అది. గట్టి పాలిష్ పట్టుకోవాలని గిట్టను గరుకు కాగితంతో రుద్దితే మొదట పోయేది ఆ పొరే. తర్వాత పాలిష్ వదిలించడానికి వాడే ఎసిటోన్ లాంటి ద్రావకాలు ఉన్న కాస్త జిడ్డునూ లాగేస్తాయి. రక్షణ పేరుతో మొదలైన పని గిట్టను మరింత పెళుసు చేయడంతో ముగుస్తుంది.

గిట్టను నిజంగా మార్చేవి దాణా, ఆకురాయి. వియన్నాలోని లిపిజానర్ గుర్రాల మీద జరిగిన ప్రసిద్ధ ప్రయోగం 1995లో అచ్చయింది. 42 గుర్రాల్లో కొన్నిటికి రోజుకు 20 మిల్లీగ్రాముల బయోటిన్ ఇచ్చి మిగతావాటితో పోల్చారు. తేడా కనబడటానికి సుమారు 9 నెలలు పట్టింది. గిట్ట పెరిగే వేగం తెలిసినవాళ్లకు ఇందులో వింత లేదు. కొత్త గోడ కిందికి దిగితే గాని ఫలితం కనిపించదు. ఆరేడు వారాలకోసారి నాల్బంద్ వచ్చి గిట్టను సమంగా చెక్కి లాడం మార్చడం రెండో అవసరం. శంషాబాద్‌కు దగ్గర్లోనే, రాజేంద్రనగర్‌లో పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. లాడం కొట్టే పనివాళ్లకు అక్కడ చిన్న కోర్సు పెడితే ఏ పాలిష్ సీసాకన్నా ఎక్కువ మేలు జరుగుతుంది. క్లబ్బులూ పెళ్లి గుర్రాల యజమానులూ దానికి కొంత ఖర్చు పెట్టుకోవాలని నా అభిప్రాయం. తమ కుటుంబంలో చూసి నేర్చుకున్న పనివాళ్లకు చదువెందుకన్న మాట వినిపించొచ్చు. ఆ పనితనాన్ని తక్కువ చేయడం లేదు. గిట్ట కోణాన్ని ఎక్స్‌రేతో పోల్చి చూసే అవకాశం వాళ్లకు ఎవరూ ఇవ్వలేదు, అంతే.

ఇక పూత ఎంపిక సంగతి. పోటీ రోజు గిట్టను బాగా కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. తడి మీద వేసిన పూత తెల్లగా పొంగి లేస్తుంది. గుర్రాన్ని ఇసుకలో కాకుండా గచ్చు మీదో చెక్క మీదో నిలబెట్టి, నూనె అయితే గుడ్డతో పైపైన అద్ది, మిగిలింది తుడిచెయ్యాలి. జిడ్డుగా వదిలేస్తే బరిలో పది అడుగులు వేసేలోగా ఇసుకంతా గిట్టకే అంటుకుంటుంది, చూడ్డానికి నల్ల పాలిష్‌కన్నా అధ్వానం. త్వరగా ఆరే రంగులేని పాలిష్ అయితే ఒకే పూత, అదీ నీళ్లతోనో సబ్బుతోనో పోయేది ఎంచుకోవాలి. గిట్ట అడుగున, మధ్యలో ఉండే మెత్తటి త్రికోణం మీద ఏమీ పూయకూడదు. వానాకాలం దాని పక్క సందుల్లో పుట్టే నల్లటి కుళ్లుకు గాలి తగలాలే గాని మూత పెట్టకూడదు. చవక అని బూటు పాలిష్ వాడే అలవాటును చిన్న యజమానులు మానుకుంటే వాళ్లకే ఖర్చు మిగులుతుంది, ఎందుకంటే పూత లేని శుభ్రమైన గిట్టను ఏ పెళ్లివారూ తప్పు పట్టరు.

నిర్వాహకులు చేయాల్సిందీ కొంత ఉంది. పోటీ ప్రకటనలోనే రంగు పాలిష్ నిషిద్ధమని ఒక వాక్యం రాయాలి. న్యాయనిర్ణేత దూరం నుంచి చూసి వెళ్లిపోకుండా నాలుగు కాళ్లూ ఎత్తి చూడాలి, గిట్టల సంరక్షణకు కొన్ని మార్కులు కేటాయించాలి. ఇంత చిన్న పోటీలకు అంత తతంగమా అంటారు. పిల్లలు పాల్గొనే పోటీల్లోనే ఇది ఎక్కువ అవసరం. ఏది మెచ్చుకుంటే రేపు వాళ్లు దాన్నే కొంటారు, దాన్నే పెంచుతారు. బరిలోకి వెళ్లే చోట పాలిష్ వదిలించే ద్రావకం అద్దిన గుడ్డతో గిట్ట మీద ఒక చిన్న చోట తుడిచి చూస్తే రంగు పట్టుబడుతుంది, దానికి నిపుణులు అక్కర్లేదు. గాయానికో పగులుకో పశువైద్యుడు రాసిచ్చిన మందు పూసిన గిట్టకు మినహాయింపు ఇవ్వాలి, ఆ చీటీ గేటు దగ్గర చూపిస్తే సరిపోతుంది.