ధర పెరిగితే జోకులు, పడిపోతే మౌనం

2023 జులైలో నగరాల్లో కిలో టమాటా 150 నుంచి 200 రూపాయల దాకా పలికింది. ఆ నెలంతా ఫోన్లలో టమాటా మీమ్‌లే. బీరువాలో దాచిన టమాటా, నగల పెట్టెలో టమాటా, కట్నంలో టమాటా. జనం వేసుకున్న జోకులతో మాకు పేచీ లేదు. ధర మండితే నవ్వుకుంటారు, తిట్టుకుంటారు. అది వాళ్ల హక్కు. మా పేచీ అంతా ఆ జోకులకు తమ లోగో అంటించి, ఉచితంగా ప్రచారం చేసుకున్న కంపెనీలతోనే.

ఆ బొమ్మల్లో రైతు లేడు. వేసవిలో ధర లేక తోట వదిలేసినవాడు లేడు. ఎండలకు, వైరస్ తెగుళ్లకు పంట పోగొట్టుకున్నవాడు లేడు. నారు, కర్రలు, తీగ, మందులు, కోత కూలి, బాడుగ లెక్క అసలే లేదు. చూసినవాళ్ల మనసులో మిగిలింది ఒకటే మాట: టమాటా రైతు కోటీశ్వరుడైపోయాడని!

ఆ హడావుడిలో కేంద్రం చకచకా కదిలింది. జులై 14 నుంచి సహకార సంస్థల ద్వారా కిలో 90 రూపాయలకే అమ్మించింది. ఆగస్టులో నేపాల్ నుంచి దిగుమతి ప్రకటించింది. వినియోగదారుణ్ణి ఆదుకోవద్దని మేము అనడం లేదు. మరి సెప్టెంబరులో ధర కుప్పకూలి, కర్నూలు జిల్లా రైతులు టమాటాలు రోడ్డు మీద పారబోసినప్పుడు ఆ వేగం ఏమైంది? జులైలో నవ్విన బ్రాండ్లలో ఒక్కటైనా అప్పుడు నోరు విప్పినట్టు మా కంట పడలేదు.

వినియోగదారుడు టమాటాకు పెట్టే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలేనని రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన అధ్యయన పత్రమే చెప్పింది. మిగతా 67 పైసల మీద మీమ్ వేసే దమ్ము ఏ కంపెనీకి ఉంది?

బ్రాండ్లు హాస్యం జోలికే పోకూడదా అని కొందరు అడుగుతారు. పోవచ్చు. అమూల్ పాప 1966 నుంచి దేశంలో జరిగే ప్రతిదాని మీదా చమత్కారాలు విసురుతూనే ఉంది. మన రాష్ట్రంలోకి అమూల్‌ను తెచ్చిన తీరు మీద విమర్శలు వేరే సంగతి. కానీ ఆ పాప గుజరాత్ పాల రైతుల సహకార సంఘాల సొత్తు. రూపాయిలో 80 పైసలకు పైగా పాడి రైతుకే ఇస్తున్నామని ఆ సంస్థ బహిరంగంగా చెప్పుకుంటోంది. ఆ లెక్క తప్పితే నిలదీయవచ్చు. నవ్వించేవాడికి జవాబుదారీ ఉండటమంటే అదీ.

అందుకే మా డిమాండ్లు సూటిగా చెబుతున్నాం. పంట ధర మీద ప్రచారం చేసుకునే కంపెనీ, ఆ పంటను రైతు దగ్గర ఎంతకు కొన్నదో అదే బొమ్మ మీద వేయాలి. ధర పడిన నెలలో కూడా అంతే గట్టిగా మాట్లాడాలి, గిట్టుబాటు ధరకు కొనాలి. కేంద్రం ధరల స్థిరీకరణ నిధిని వినియోగదారుడి కోసం వాడినంత వేగంగా రైతు కోసమూ వాడాలి.

యువ రైతులారా! మీ చేతుల్లోనూ ఫోన్లున్నాయి. మండీలో ఇచ్చిన చీటీని ఫొటో తీయండి. అదే రోజు యాప్‌లో ఉన్న ధరను పక్కన పెట్టండి. ఇక ఒక్క మాటా రాయనక్కర్లేదు. దాని మీద లోగో అంటించుకోవడానికి ఏ కంపెనీ వస్తుందో చూద్దాం.