వారానికో గంట

సైన్సుకూ ఒక పంచాంగం ఉంది. లండన్ నుంచి వచ్చే ‘నేచర్’ పత్రికలో ముఖ్యమైన పరిశోధనలు చాలావరకు బుధవారం సాయంత్రం బయటపడతాయి. అమెరికా నుంచి వచ్చే ‘సైన్స్’ పత్రికకు గురువారం. మొదటిది 1869లో పుట్టింది, రెండోది 1880లో. రెండూ వారపత్రికలే. ఆ పరిశోధన పత్రాలు కొన్ని రోజుల ముందే విలేకరుల చేతికి అందుతాయి, ఫలానా రోజు ఫలానా గంట కొట్టేదాకా నోరు విప్పకూడదన్న షరతుతో. సంబంధం ఖాయమైనా తాంబూలాలు పుచ్చుకునేదాకా చుట్టాలకు చెప్పొద్దన్నట్టే ఉంటుంది వ్యవహారం.

ప్రపంచంలో పేరున్న సైన్సు రేడియో కార్యక్రమాలు వారం చివరనే ఎందుకు వస్తాయో ఈ పంచాంగం చూస్తే తెలుస్తుంది. బీబీసీ వారి ‘ఇన్‌సైడ్ సైన్స్’ది గురువారం. అమెరికాలో ఒక కార్యక్రమం పేరే ‘సైన్స్ ఫ్రైడే’. కెనడా శ్రోతలకు, ఆస్ట్రేలియా శ్రోతలకు శనివారం మధ్యాహ్నం. అంగడికి వెళ్తూ కారులో వినేవాళ్లు, వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ వినేవాళ్లు, వినీవిననట్టు వింటూ ఒక్కసారిగా కత్తి పక్కన పెట్టేవాళ్లు, వీళ్లే వాటికి అసలు శ్రోతలు.

ఆ రెండు శనివారం కార్యక్రమాలూ 1975లోనే మొదలయ్యాయి. ఆస్ట్రేలియా ప్రభుత్వ ప్రసార సంస్థ ఏబీసీ ఆగస్టులో ‘ది సైన్స్ షో’ ప్రారంభించింది. తొలి కార్యక్రమాన్ని చేసుకొచ్చింది మాత్రం సిడ్నీలో కాదు, పసిఫిక్ సముద్రానికి అవతలి ఒడ్డున కెనడాలోని వాంకూవర్‌లో. అక్కడ పసిఫిక్ సైన్స్ కాంగ్రెస్ జరుగుతోంది. బొగ్గూ చమురూ ఇలాగే తగలబెట్టుకుంటూ పోతే భూమికి ఏమవుతుందో రిచీ కాల్డర్ అనే బ్రిటిష్ రచయిత ఆనాడే ఆ మైకు ముందు హెచ్చరించాడు. ఎంతమంది విన్నారో గానీ, ఆ మాట టేపులో భద్రంగా మిగిలింది. రెండు నెలలు తిరగకుండానే కెనడా వారి సీబీసీలో ‘క్వర్క్స్ అండ్ క్వార్క్స్’ మొదలైంది. దాని మొదటి వ్యాఖ్యాత డేవిడ్ సుజుకి ఆ వాంకూవర్‌లోనే పుట్టినవాడు, అక్కడి విశ్వవిద్యాలయంలో పండ్ల మీద ముసిరే ఈగల జన్యువులను పరిశీలిస్తున్నవాడు.

యాభై ఏళ్లలో ఆ కెనడా కార్యక్రమం చూసిన వ్యాఖ్యాతలు ముగ్గురే. 1979 దాకా సుజుకి, 1992 దాకా జే ఇంగ్రమ్, అప్పటినుంచి బాబ్ మెక్‌డొనాల్డ్. ఆస్ట్రేలియాలో ఆ లెక్క కూడా లేదు. తొలిరోజు పలికిన రాబిన్ విలియమ్స్ గొంతే స్వర్ణోత్సవం నాడూ పలికింది. (హాలీవుడ్ నటుడు కాదు, పేరొకటే.) మెక్‌డొనాల్డ్ శాస్త్రవేత్త కాడు, విశ్వవిద్యాలయంలో పట్టా కూడా పూర్తి చేయలేదు. అదే ఆయనకు కలిసొచ్చిందని నా అనుమానం. పెద్ద శాస్త్రవేత్తను పట్టుకుని ‘ఒక్క నిమిషం, అది నాకు అర్థం కాలేదు’ అని నిజాయితీగా అనగలగాలంటే, నిజంగానే అర్థం కాకపోవాలి కదా.

రోజువారీ వార్తకు ఆ తీరిక ఉండదు. కాఫీ గుండెకు మంచిదని సోమవారం చదువుతాం, చెడ్డదని గురువారం చదువుతాం. శనివారానికి విసుగొచ్చి, ఈ సైంటిస్టులకు పనేం లేదని తేల్చేసి ఇంకో కప్పు కలుపుకుంటాం. తప్పు కాఫీది కాదు, సైంటిస్టులదీ కాదు. ఆ పరిశోధన ఎలుకల మీద చేశారా, మనుషుల మీదా? ఎంతమంది మీద, ఎన్నేళ్లు? కాఫీ తాగేవాళ్లలో సిగరెట్ కాల్చేవాళ్లను విడదీసి లెక్క కట్టారా? అడిగే వ్యవధి ఎవరికీ లేకపోయింది. వారానికోసారి వచ్చే కార్యక్రమానికి నాలుగు రోజులు చేతిలో ఉంటాయి. పత్రం చదవొచ్చు. రాసినవాళ్లను పిలవొచ్చు. ఆ పరిశోధనతో ఏ సంబంధమూ లేని మరో శాస్త్రవేత్తను పిలిచి ‘మీరేమంటారు?’ అని అడగొచ్చు. ఆ రెండో మనిషి సాధారణంగా కాస్త దగ్గి, ‘ఆసక్తికరమే గానీ...’ అని మొదలుపెడతాడు. ఆ ‘గానీ’ పత్రికా శీర్షికలో పట్టదు. రేడియోలో చక్కగా వినిపిస్తుంది.

రేడియోలో వినిపించేది ఇంకొకటి ఉంది. ప్రశ్నకూ జవాబుకూ మధ్య శాస్త్రవేత్త తీసుకునే ఊపిరి. ‘అది మాకింకా తెలియదు’ అన్న మాట అచ్చులో చదివితే ఓటమి ఒప్పుకున్నట్టు ఉంటుంది. అదే మాట ఉత్సాహం పట్టలేని గొంతులో వింటే, ఆ మనిషి రేపు పొద్దున్నే ల్యాబుకు ఎందుకు పరుగెడుతుందో తెలిసిపోతుంది. ముఖం కనిపించదు కాబట్టి ఆమె ఏ దేశస్థురాలో, ఎంత వయసుదో, ఏం చీర కట్టుకుందో మన దృష్టి మళ్లించవు.

బొమ్మ లేకుండా సైన్సెలా చెబుతారని అడిగేవారికి ఒక శబ్దం వినిపించాలి. 2015 సెప్టెంబరు 14న, 130 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో రెండు కృష్ణబిలాలు కలిసిపోయినప్పుడు లేచిన గురుత్వ తరంగం, అలాంటి తరంగాలను పసిగట్టేందుకే అమెరికాలో పెట్టిన రెండు లైగో పరికరాలను తాకింది. తాకిన సేపు సెకనులో అయిదో వంతు. దాని పౌనఃపున్యం మన చెవి పట్టగలిగే మేరలోనే ఉండటం వల్ల, ఆ సంకేతాన్ని స్పీకరుకు ఇస్తే చిన్న ‘వూప్’ మంటుంది, కింది స్థాయి నుంచి పైకి లేస్తూ. పిట్ట కూత పెట్టబోయి మానుకున్నట్టు. సంగతి ప్రపంచానికి తెలిసింది 2016 ఫిబ్రవరి 11న. దానికి వేసిన రంగురంగుల బొమ్మలన్నీ కల్పనలే, ఆ కూత ఒక్కటే అసలైనది.

అలాంటిదే మరొకటి. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవరు మైకులు పట్టుకెళ్లింది. అక్కడి పలుచని గాలిలో ధ్వని సెకనుకు సుమారు 240 మీటర్లే నడుస్తుందనీ, మన దగ్గర దాదాపు 340 నడిచేదనీ పోల్చి చూశారు. పైగా అక్కడ హెచ్చుశ్రుతి స్వరాలు తగ్గుశ్రుతి వాటికన్నా కొంచెం వేగంగా ప్రయాణిస్తాయి. అంటే మంగళగ్రహం మీద మంగళవాద్యాలు వాయిస్తే, దూరంగా నిలబడ్డవాడికి సన్నాయి ముందూ డోలు తర్వాతా చేరతాయన్నమాట. పెళ్లికొడుకు తలంబ్రాలు దేన్ని విని పోయాలో!

రేడియోతో సైన్సు మనకేమీ కొత్త కాదు. 1960ల్లో తంజావూరు రైతులు ఏడీటీ-27 అనే కొత్త వరి వంగడం గురించి ఆకాశవాణి వ్యవసాయ కార్యక్రమాల్లో విని, ఆ బియ్యానికి ‘రేడియో బియ్యం’ అని పేరే పెట్టేశారు. విశాఖపట్నంలో చదువుకుంటూ పెరిగిన సి.వి. రామన్ రేడియోలో చేసిన ప్రసంగాలు ఆ తర్వాత పుస్తకంగా వచ్చాయి. 1991 నుంచి ‘మానవ్ కా వికాస్’ అని మనిషి పుట్టుపూర్వోత్తరాల కథను ఆకాశవాణి వారం వారం చెప్పింది. 144 వారాలు, 18 భాషల్లో. ఈనాటి ఏ వెబ్ సిరీస్‌కూ అంత ఓపిక లేదు. కానీ అది అప్పటికే తేలిన కథ. ఈ వారం తేలుతున్న కథను, తేలీ తేలకుండా ఉన్నప్పుడే, తెలుగులో వారం వారం వినే అలవాటు మనకు కాలేదు.

వినిపించేవాళ్లు లేరా అంటే, హైదరాబాదులో తార్నాక నుంచి ఉప్పల్ వైపు వెళ్లే సిటీ బస్సెక్కండి. రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ, కణ అణు జీవశాస్త్ర కేంద్రం సీసీఎంబీ, మూడూ ఆ దారిలోనే ఉన్నాయి. చేతిసంచిలో ఒక రికార్డరు చాలు. మాటలు దొరకవన్న బెంగ ఒకటి ఎప్పుడూ వినిపిస్తుంది. జన్యువుకు జీన్ అనాలా, జీన్‌కు జన్యువనాలా అని సభలు పెట్టుకుని సాయంత్రానికి ఇళ్లకు పోతాం. ఈలోగా అక్కడ పనిచేసే తెలుగు పిల్లలు రాత్రిళ్లు ఊరికి ఫోన్ చేసి మాట్లాడుతూనే ఉంటారు. ఆ సంభాషణ ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోవడం కష్టం కాదు.

‘‘ఇంతకీ రోజంతా అక్కడేం చేస్తావే?’’

‘‘చిన్న చేపలుంటాయమ్మా, చారలవి. వాటి తోక అంచు కత్తిరించి, మళ్లీ ఎలా మొలుస్తుందో చూస్తాను.’’

‘‘మొలుస్తుందా?’’

‘‘తోకేమిటి, గుండెలో ముక్క కోసేసినా పెరుగుతుంది.’’

‘‘మరి మనకెందుకు పెరగదే? మీ నాన్నకు ఆ గుండెనొప్పి వచ్చినప్పుడు...’’

‘‘తెలీదమ్మా. అదే చూస్తున్నాం.’’