రెండు బర్రెలు ఎవరివి?

ఫోన్లలో తిరిగే జోకు ఒకటుంది. మీమ్ అంటున్నారు. పైన పెద్ద అక్షరాలతో ‘మీకు రెండు బర్రెలున్నాయి’ అని ఉంటుంది. కింద లెక్క మొదలవుతుంది. సోషలిజంలో సర్కారు ఒక బర్రెను తోలుకుపోయి పక్కింటివాడికి ఇస్తుందట. కమ్యూనిజంలో రెంటినీ తోలుకుపోయి మీకు గ్లాసెడు పాలు పోస్తుందట. పెట్టుబడిదారీ విధానంలో మాత్రం మీరు ఒక బర్రెను అమ్మి దున్నపోతును కొంటారట, మంద పెరుగుతుందట. ఇది కొత్త జోకేం కాదు. 1930లలోనే అమెరికాలో ఆవుల పేరుతో చెప్పుకున్నారు. దేశదేశాలూ తిరిగి ఇప్పుడు మన పిల్లల ఫోన్లకు చేరింది.

నవ్వి వదిలేసేదే అయితే ఈ పేజీ దానికి ఇచ్చేవాళ్లం కాదు. కానీ 2024 మే నెలలో గుజరాత్‌లోని బనాస్‌కాంఠాలో ఎన్నికల సభ పెట్టి, సాక్షాత్తూ ప్రధానమంత్రి నరేంద్ర మోదీ, మీకు రెండు బర్రెలుంటే కాంగ్రెస్ వాళ్లు ఒకటి లాక్కుపోతారని జనానికి చెప్పారు. జోకు ఓటు అడిగే ఆయుధమైంది. మరి ఆ పార్టీ ఎన్నికల ప్రణాళికలో ఏముంది? బర్రెల ఊసే లేదు. కులగణన చేస్తామని ఉంది. ప్రభుత్వ భూమి, భూపరిమితి చట్టాల కింద తేలిన మిగులు భూమి పేదలకు పంచడాన్ని చూసేందుకు ఒక సంస్థ పెడతామని ఉంది. అంటే భయం ఎవరికి పుట్టాలి? మిగులు భూమి దాచుకున్నవాడికి. ఆ భయాన్ని తెచ్చి రెండు బర్రెలవాడి నెత్తిన పెట్టారు.

కాంగ్రెస్‌ను వెనకేసుకొచ్చే పని మనకు లేదు. 1973లో ఆంధ్రప్రదేశ్‌లో భూపరిమితి చట్టం చేసింది వాళ్లే. చట్టం వచ్చేలోగా భూస్వాములు కొడుకుల పేర, అల్లుళ్ల పేర, చివరికి పాలేర్ల పేర కూడా భూములు రాసుకుంటుంటే చూస్తూ ఊరుకున్నదీ వాళ్లే. చనిపోయినవారి పెద్ద ఆస్తులమీద 1953 నుంచి పన్ను ఉండేది. 1985లో దాన్ని ఎత్తేసిందీ కాంగ్రెస్ ప్రభుత్వమే. ఆ 32 ఏళ్లలో ఏ పేదవాడి కొట్టంలోంచి ఏ బర్రె పోయింది?

ఇక జోకు సంగతి చూద్దాం. బడిలో లెక్క చెప్పేటప్పుడు ‘రామయ్య దగ్గర 2 ఆవులున్నాయి’ అంటే, రామయ్యకు అవి ఎక్కడివి సార్ అని ఏ పిల్లవాడూ అడగడు. లెక్కలో ఇచ్చిన దాన్ని ఒప్పుకుని ముందుకు పోవాల్సిందే. ఈ జోకు చేసే మోసం సరిగ్గా అక్కడే ఉంది. రెండో మాట దగ్గర్నుంచే మనల్ని ఆలోచించమంటుంది. మొదటి మాటను అడగనివ్వదు. మనం అడగాల్సింది మొదటి మాటనే. రెండు బర్రెలు ఎవరికున్నాయి? ఎట్లా వచ్చాయి? ఒక్కటీ లేనివాడు ఈ లెక్కలో ఎక్కడున్నాడు?

ఎట్లా వచ్చాయంటే, కష్టపడినవాడు కూడబెట్టుకున్నాడు, సోమరి తినేశాడు అంటారు. ఈ కథను కార్ల్ మార్క్స్ 1867లోనే ఎగతాళి చేశాడు. ఆస్తి మొదట పోగుపడింది పొదుపు వల్ల కాదు, జనాన్ని భూమి నుంచి గెంటడం వల్ల అని చరిత్ర తవ్వి చూపాడు. మన దగ్గరే చూడండి. ముక్త్యాల, జగ్గయ్యపేట జమీందార్ల ఏలుబడిలో నలిగిన నేల. 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చింది. రైతువారీ పట్టాలు రైతులుగా లెక్కకెక్కినవాళ్లకు వచ్చాయి. ఆ పొలంలోనే తరతరాలుగా అరక దున్నిన పాలేరుకు ఏం వచ్చింది? సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాయి. భూమి ఉన్నవాడికి ఎకరం ధర పెరిగింది, లేనివాడికి కూలి దినాలు పెరిగాయి. సోమరితనం ఎక్కడుంది ఇందులో?

మార్క్స్ చెప్పనిది కూడా మన దేశంలో ఒకటుంది. ఎవడికి ఏ జంతువు ఉండాలో ఇక్కడ శాస్త్రమే రాసిపెట్టింది. శూద్రుడు సంపాదించగలిగినా ధనం కూడబెట్టకూడదని మనుస్మృతి ఆదేశం. చండాలుడి సొత్తు కుక్కలూ గాడిదలూ మాత్రమేనట. ‘మీకు రెండు బర్రెలున్నాయి’ అనే మాట మన తాతలకు చెల్లనే చెల్లదన్నమాట. అందుకే 1927 డిసెంబర్ 25న మహద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ ఆధ్వర్యంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. బతికున్న బర్రె వాళ్లది, చచ్చిన బర్రె మనది. మేపేది, పేడ ఎత్తేది, గడ్డిమోపు మోసేది మన ఆడవాళ్లు. పాలకేంద్రం పుస్తకంలో పేరు ఎవరిది?

జోకులో ‘పక్కింటివాడు’ ఉన్నాడే, వాడి సంగతి కూడా చూడాలి. ఊరికే బర్రె కొట్టేసే సోమరిగా వాణ్ణి చూపిస్తారు. మాలపల్లె, మాదిగపల్లె ఏ ఆసామి ఇంటికి పక్కిల్లు? మనం పక్కింట్లో కూడా లేం, ఊరవతల ఉన్నాం.

ఆస్తి పేరుతో ఈ నేలమీద ఏం జరిగిందో మరిచిపోయామా? 1968లో మన కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి ఇత్తడి సామాను దొంగిలించాడన్న నెపంతో కట్టేసి, కిరోసిన్ పోసి తగలబెట్టారు. ఇత్తడి ముక్కకున్న విలువ మనిషి ప్రాణానికి లేకపోయింది. 1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైందే బర్రె దగ్గర. బర్రెకు కుడితి పెట్టిన బకెట్టును దళితులు తాగే నీళ్ల దగ్గర కడగబోతే వద్దన్నారు. మున్నంగి సువార్త ఎదురు తిరిగింది. మర్నాడు ఊరిమీద పడి ఆరుగురిని చంపారు. ఒకడి బర్రె, వందలమంది తాగే నీళ్లు. ఏది ఆస్తి, ఎవరి ఆస్తి పవిత్రం అన్న ప్రశ్నకు ఆ రోజు గొడ్డళ్లతో జవాబు చెప్పారు.

మరి ఏ ఆస్తీ లేని మన కుర్రాళ్లు కూడా ఈ జోకు చదివి ఎందుకు నవ్వుతున్నారు, ఇంకో పదిమందికి ఎందుకు పంపుతున్నారు? ఇటలీలో ముస్సోలిని జైల్లో మగ్గిన గ్రాంసీ దీనికి జవాబు వెతికాడు. పాలకులు ఎప్పుడూ లాఠీతోనే పాలించరు, వాళ్ల ఆలోచనే అందరికీ మామూలు తెలివిగా కనపడేటట్టు చేస్తారు అన్నాడు. ‘మీకు’ అన్న ఒక్క మాటతో లేనివాణ్ణి ఉన్నవాడి పక్కన కూర్చోబెడతారు. లేని బర్రె పోతుందని వాడు కలవరపడతాడు, రావాల్సిన ఎకరం సంగతి మరిచిపోతాడు. 2024లో మన రాష్ట్రంలో భూహక్కు చట్టం మీద ఇదే చూశాం. మీ భూమి పోతుందని పల్లెపల్లెనా ప్రచారం సాగింది, ఎన్నికలు అయ్యాక చట్టం రద్దయింది. భూమి ఉన్నవాడి భయం ఎన్నికల అంశమవుతుంది. భూమి లేనివాడి ఆకలి ఎన్నడూ కాదు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం మన చేతిలోని సాగుభూమి 9 శాతం లోపే. లాక్కోవడం గురించి మాట్లాడదలుచుకుంటే ఇక్కడ మొదలుపెట్టాలి.

బాబాసాహెబ్ 1947లో రాజ్యాంగ సభ కోసం రాసిన ‘రాష్ట్రాలు – మైనారిటీలు’లో దారి చూపారు. భూమి ప్రభుత్వానిది కావాలి, కులభేదం లేకుండా ఊరివాళ్లకు సాగుకివ్వాలి, అప్పుడు భూస్వామీ ఉండడు, కౌలుదారూ ఉండడు, భూమిలేని కూలీ ఉండడు అన్నారు. ఆ జోకులో ఈ దారికి చోటు లేదు. బర్రె ఒకడికి తీసి ఒకడికి ఇవ్వడం తప్ప వేరే ఊహ దానికి తెలియదు.

అందుకని మిత్రులారా, ఈసారి ఆ బొమ్మ వస్తే చెరిపేయొద్దు. సాయంత్రం పల్లెలో నలుగురిని కూర్చోబెట్టి చదివి వినిపించండి. అవి ఎవరివి, ఎట్లా వచ్చాయి, ఎవరు మేపుతున్నారు, పాల డబ్బులు ఎవరికి పోతున్నాయి అని అడగండి. తర్వాత మన ఊరి లెక్క తీయండి. మీ ఇళ్లల్లో డి-ఫారం పట్టా కాగితాలుంటే బయటకు తీయండి. ఆ సర్వే నంబరులో ఇప్పుడు ఎవరు సాగు చేస్తున్నారో రాయండి. అసైన్డ్ భూమి చేతులు మారితే ఆ బదిలీ చెల్లదని 1977 చట్టం చెబుతోంది. ఇరవై ఏళ్లు దాటిన అసైన్డ్ భూములు అమ్ముకోవచ్చని 2023లో సవరణ తెచ్చారు, 2024లో ప్రభుత్వం మారాక ఆ రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ అన్నారు. ఈ గందరగోళంలో మన కాగితాలు మన చేతుల్లో ఉండాలి. సీలింగు మిగులు ఎంత తేలింది, ఎంత పంచారు అని సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారును రాతపూర్వకంగా అడగండి. వచ్చే భూమి ఆడవాళ్ల పేర రావాలని పట్టుబట్టండి.

వాళ్లు బర్రెల లెక్క చెబుతున్నారు. మనం ఎకరాల లెక్క అడుగుదాం.

జై భీమ్.